మిగిలిన సగం సీసా

“ఎవరే వాళ్ళు?” అంది మకెరీతా, చాప మీంచి లేచి కూర్చుంటూ.

ఆవిడ కోడలు ఎసేత కోకో మరుగుతున్న గిన్నెలో గరిటె తిప్పడం ఆపింది.

ఇంకా పూర్తిగా తెల్లవారలేదు. వాకిట్లో, గురువారం నాడు తిలోమాయ్‌ని పూడ్చిన సమాధి పక్కన, పదిమంది తలలు వంచుకుని నేలమీద కూర్చున్నారు. అందరికంటే ముందున్న మనిషి ముఖం కనబడడంలేదు. తల మీంచి ఒళ్ళంతా మూసేస్తూ ఒక సన్నని నేత చాప కప్పి ఉంది. పెళ్ళికో చావుకో తప్ప పెట్టెలోంచి బయటికి తియ్యని చాప అది. దాని ముందు కట్టెల మోపు, నాలుగు రాళ్ళు, కొన్ని అరటాకులు.

సవాయీ దీవిలో దాని అర్థం పసిపిల్లని అడిగినా చెబుతుంది. మీ మనిషి మావల్ల పోయింది. ఇవిగో కట్టెలు, ఇవిగో రాళ్ళు. మమ్మల్ని పొయ్యిలో పెట్టి కాలుస్తారో, క్షమిస్తారో మీ ఇష్టం. ఇంటిపెద్ద బయటికొచ్చి చాప తీసి లోపలికి రమ్మంటే క్షమించినట్టు. రమ్మనకపోతే ఎండెక్కినా వాన కురిసినా వాళ్ళు అక్కడినుంచి కదలరు.

“ఇంకెవరు, ఆ డాక్టరే అయ్యుంటాడు,” అన్నాడు ఎసేత భర్త సౌలో, చొక్కా తొడుక్కుంటూ స్తంభం పక్కకి వచ్చి. “చావుకొస్తే గేటు దగ్గరే ఆపి పంపించాను కదా. ఇప్పుడు బంధువుల్ని వెంటేసుకుని వచ్చాడన్నమాట. కడుక్కోని చేతుల్తో కత్తి పట్టుకుని నా చెల్లెల్ని చంపినవాడు. కూచోనీ. మధ్యాహ్నం దాకా కూచోనీ, తెలుస్తుంది.”

ఎసేతకి ఆ చాప తెలుసు. అంచున కుట్టిన ఎర్ర ఈకల వరస ఎడమచేతి పక్కన బెత్తెడు మేర లేదు. దాన్ని నేసిన తన అమ్మకి చివరి రోజుల్లో చూపు ఆనక వదిలేసిన చోటు అది.

నిన్న ప్రార్థన అయ్యాక పుట్టింటికి వెళ్ళి, నాన్న పక్కన కూర్చుని కడుపులో ఉన్నదంతా కక్కేసింది. “ఎవరికీ చెప్పకు నాన్నా, నేనే చెప్పుకుంటాను, రెండ్రోజులు టైమివ్వు,” అని బతిమాలింది. ఇయోసెఫో సరేనన్నట్టు తలూపాడు. ఆ ఊపు సరేనన్నట్టు కాదని ఆవిడకి ఇప్పుడు అర్థమైంది.

“డాక్టరు కాదు,” అంది ఎసేత. “ఆ చాప కింద ఉన్నది మా నాన్న.”

సౌలో బొత్తాం పెట్టుకుంటున్న చెయ్యి ఆగిపోయింది.

“మీ నాన్నా? ఆయనకేంటి సంబంధం? గోతి దగ్గర అందరికంటే ఎక్కువ ఏడ్చింది ఆయనేగా.”

“నాకోసం కూచున్నాడు.”

“నీకోసం ఏంటి? తిన్నగా చెప్పు.”

ఎసేత గరిటె కింద పెట్టింది. పన్నెండేళ్ళుగా ఆ దీవి ఆసుపత్రిలో, ఆపరేషన్ గదిలో మత్తు ఇచ్చే నర్సు ఆవిడ. చేతులు మోచేతుల దాకా మూడేసి నిమిషాలు తోముకునే మనిషి. ఈ పిల్ల చేతులు కడుక్కుంటే మా వాననీళ్ళ తొట్టి ఎండిపోతుంది అని అత్తగారు ఊళ్ళో అందరితో అని నవ్వేది. ఆ నవ్వులో బోలెడు గర్వం ఉండేది. ఇప్పుడు ఆ చేతుల్ని ఎక్కడ పెట్టుకోవాలో ఎసేతకి తెలియడంలేదు.

“కత్తివల్ల కాదు సౌలో. డాక్టరు చేతులవల్లా కాదు. నేనిచ్చిన మత్తుమందువల్ల పోయింది.”

“ఎక్కువిచ్చావా?”

“సరిగ్గానే ఇచ్చాను. అది పాడైపోయిన మందు.”

పొయ్యిమీద కోకో పొంగి నిప్పుల్లో పడింది. దాన్ని దించాలని ముగ్గురిలో ఒక్కరికీ తోచలేదు.

“ఆ మందు పాలలా తెల్లగా ఉంటుంది,” అంది ఎసేత, ఎవరి ముఖమూ చూడకుండా. “మేం పాలనే అంటాం దాన్ని. నూనె, గుడ్డుసొన కలిసిన మందు. సీసా ఒకసారి తెరిచాక గాల్లోంచో, చేతినుంచో ఒక్క క్రిమి పడిందా, గంటగంటకీ పెరుగుతూనే ఉంటుంది. పాలైతే విరుగుతాయి, ముక్కుకి తెలుస్తుంది. ఇది తెల్లగానే ఉంటుంది. అందుకే ఒక సీసా ఒక మనిషికే, మిగిలింది పారబొయ్యాలి. గోడమీద అంటించిన ఆ కాగితం కూడా నేను రాసిందే.”

“మరి?”

“ఓడ ఆలస్యమైంది. బీరువాలో రెండే సీసాలున్నాయి. అవి ఏ కాన్పుకో, ఏ యాక్సిడెంటుకో దాచి ఉంచాలి. పొద్దున్న ఒకాయనకి వరిబీజం ఆపరేషను చేశాం, సగం సీసా మిగిలింది. పదకొండింటికి తిలోమాయ్‌ది ఉందిగా, ఈ రెండు గంటలకే ఏం కాదులే అని సూదిలోకి ఎక్కించి, మూతపెట్టి బల్లమీద పెట్టాను. ఓడ రాని నెలల్లో ఇదివరకు మూడుసార్లు అలాగే చేశాం, ఎవరికీ ఏమీ కాలేదు. ఇంతలో కరెంటు పోయింది. వచ్చేసరికి మూడు దాటింది.”

“అంటే అది పొద్దున్నించీ అక్కడే ఉంది.”

“ఉక్కలో. ఆరు గంటల పైనే.”

“ఆ సంగతి నీకు తెలుసు.”

“తెలుసు.”

తెలిసే ఎక్కించింది. ఆ మాట నోటితో అనలేకపోయినా మనసులో పన్నెండు రోజులుగా అంటూనే ఉంది. తిలోమాయ్ ఆ రోజు బల్లమీద పడుకుని ఆవిడ చెయ్యి వదల్లేదు. పిత్తాశయంలో రాళ్ళు, పెద్ద ఆపరేషనేం కాదు. అయినా పిల్ల భయపడింది. “నొప్పి తెలుస్తుందా వదినా?” అని అడిగింది. “పదినుంచి వెనక్కి లెక్కపెట్టు, ఏడు దాటవు,” అంది ఎసేత. “లెక్కల టీచర్ని పట్టుకుని ఏడు దాటనంటావా? ఒకటి దాకా వెళ్ళి చూపిస్తా ఉండు,” అని నవ్వింది తిలోమాయ్. పది, తొమ్మిది, ఎనిమిది అంది. అంతే. ఆ పిల్ల ఆఖరున నవ్వుతూ మాట్లాడిన మాట అది. మర్నాడు సాయంత్రానికే ఒళ్ళు కాలిపోయింది. ఐదోరోజుకి రక్తమంతా విషమై ప్రాణం పోయింది.

“ఎప్పుడు తెలిసింది నీకు?” సౌలో గొంతు పెంచలేదు. అరిచినా బాగుండేదనిపించింది ఎసేతకి.

“జ్వరం వచ్చిన మర్నాడే చెత్త సంచిలోంచి ఆ సూది వెతికి తీశాను. పరీక్షకి ఆపియాలో పెద్దాసుపత్రికి పంపాను. మొన్న శనివారం ఫోనొచ్చింది. తిలోమాయ్ రక్తంలో ఉన్న క్రిమే అందులోనూ ఉందన్నారు. రేపు పదింటికి ఆసుపత్రిలో విచారణ. అక్కడ చెబుతాను, డాక్టరుగారి తప్పేమీ లేదని.”

“అంటే గురువారం నాడు, ఆ డాక్టర్ని నేను నానా మాటలూ అంటుంటే నువ్వు నా పక్కనే నిలబడి ఉన్నావు.”

“అప్పటికింకా ఖాయంగా తెలీదు.”

“అనుమానం?”

ఎసేత కళ్ళు దించుకుంది. “ఉంది.”

“ఆ మనిషి చెమటలు కక్కుకుంటూ చేతిలో చాప పట్టుకుని వచ్చాడు. దాన్ని వీధిలోకి విసిరేశాను. నువ్వు చూస్తున్నావు. ఒక్క మాట. ఒక్క మాట అనలేకపోయావా?”

“భయమేసింది.”

“ఎవరంటే? నేనంటేనా?”

“మీ అందరికీ దూరమైపోతానని,” అంది ఎసేత. అప్పుడు ఏడుపొచ్చింది. ఏడవకూడదనుకుంది. ఈ ఇంట్లో ఏడ్చే హక్కు తనకి లేదని శనివారమే తీర్మానించుకుంది.

సౌలో తండ్రి పోయాక రెండేళ్ళుగా ఆ ఇంటి పెద్దరికం అతనిదే. చాప తియ్యాల్సినవాడూ అతనే. గోడల్లేని ఆ ఇంట్లో వాకిలివైపు స్తంభాల మధ్య చుట్టి కట్టి ఉన్న కొబ్బరాకు తడికల దగ్గరికి వెళ్ళి మొదటిదాని తాడు విప్పాడు. తడిక జరజరా కిందికి దిగింది. రెండోది విప్పాడు. మూడోది విప్పాడు. వాకిట్లో ఉన్నవాళ్ళకి అంతకంటే స్పష్టంగా చెప్పడం ఉండదు. మిమ్మల్ని చూడదలుచుకోలేదు, పొండి అని దానర్థం.

ఇంట్లో మసకైపోయింది.

“నాన్నకి షుగరు,” అంది ఎసేత. “ఏమీ తినకుండా వచ్చుంటాడు. ఎండెక్కితే పడిపోతాడు సౌలో.”

“నా చెల్లెలు కూడా ఆ రోజు ఏమీ తినకుండానే వెళ్ళింది. ఆపరేషను ముందు తినకూడదని నువ్వే అన్నావుగా.”

ఆ మాట అన్నందుకు అతనే ముఖం తిప్పుకున్నాడు. కానీ అన్నది అన్నదే, వెనక్కి తీసుకోలేదు.

మకెరీతా ఒళ్ళో తెల్లగుడ్డ పెట్టుకుని కూర్చుంది. పిల్లల పండక్కి, వచ్చే శ్వేత ఆదివారానికి తిలోమాయ్ కుట్టుకుంటున్న గౌను అది. ఒక చెయ్యి కుట్టడం అయింది. రెండోచెయ్యి గుండుసూదులతో వేలాడుతోంది. బడిపిల్లలు నలభైమందికి పద్యాలు నేర్పించింది ఆ పిల్ల. వాళ్ళని చర్చిలో నిలబెట్టి చెప్పించాలని పండక్కి ఇంకా నెల ఉండగానే హడావిడి పడింది.

“అమ్మాయ్,” అంది మకెరీతా.

“ఆఁ అత్తయ్యా.”

“ఆ రోజు వద్దని ఆపేసి ఉంటే, మళ్ళీ ఎప్పుడు చేసేవాళ్ళు?”

“తరవాత బుధవారం.”

“ఓడ ఎప్పుడొచ్చింది?”

“శుక్రవారం.”

“అయితే కొత్త సీసా ఉండేది.”

“ఉండేది.”

“పిల్ల బతికేది.”

ఎసేతకి అబద్ధం చెప్పడానికి ఇదే ఆఖరి చోటు. ఏమో అత్తయ్యా, దేవుడికే తెలియాలి అంటే సరిపోతుంది. ఊళ్ళో అందరూ అంటున్న మాటే అది. ముసలావిడ దాన్ని పట్టుకుని మిగిలిన రోజులు ఈడ్చుకుంటుంది.

“బతికేది అత్తయ్యా,” అంది.

మకెరీతా తలూపింది. గౌను మడతపెట్టింది, మళ్ళీ విప్పింది.

“మూడింటికి నీకు ఫోను చేశాను. జ్ఞాపకం ఉందా?”

ఎసేత ఉలిక్కిపడి తలెత్తింది. “అదిప్పుడెందుకు అత్తయ్యా?”

“ఏం ఫోను?” అన్నాడు సౌలో.

“నువ్వుండరా. చెప్పమ్మాయ్, అప్పుడు నాతో ఏమన్నావు?”

“ఏదో అన్నాను. గుర్తులేదు.”

“నాకుంది. మందు చాలదు అత్తయ్యా, వచ్చేవారానికి వాయిదా వేద్దామనుకుంటున్నాను అన్నావు. నేనేమన్నాను?”

ఎసేత తల అడ్డంగా ఊపింది.

“అది చెప్పదులే. నేను చెబుతాను విను.” మకెరీతా కొడుకువైపు తిరిగింది. “వచ్చేవారమంటే పిల్ల పండక్కి లేవలేదు, అక్కడ అంతా నీ చేతిలో పనేగా, పరాయివాళ్ళకి చేసేదానివి మనింటి పిల్లకి ఆ మాత్రం సర్దలేవా అన్నాను. సర్దలేవా అని రెండుసార్లు అన్నాను. ఇది కాసేపు ఊరుకుంది. తరవాత, సరే అత్తయ్యా అంది.”

“నువ్వు అడగడం వేరమ్మా,” అన్నాడు సౌలో. “నీకేం తెలుసు మందుల సంగతి?”

“మీకు తెలీదు అత్తయ్యా. తెలిసినదాన్ని నేను. కాదు, కుదరదు అనాల్సింది నేను. మీరు వెయ్యి అడగండి, అది అనడానికేగా నన్ను అక్కడ పెట్టింది.”

“మరి ఈ ఫోను సంగతి వాడికెందుకు చెప్పలేదు? నిన్ను నిలదీస్తుంటే నా పేరు ఎందుకు రానివ్వలేదు?”

“కూతురు పోయిన మనిషికి ఇదొకటి కూడా ఎందుకని.”

మకెరీతా కోడలి ముఖంలోకి చాలాసేపు చూసింది. ఆ చూపులో ప్రేమ ఉందో కోపం ఉందో ఎసేతకి తెలియలేదు. రెండూ ఉండి ఉంటాయి.

బయట ఎవరో దగ్గారు. ఎసేతకి నాన్న దగ్గు తెలుసు. లేచి నిలబడింది.

“ఎక్కడికి?” అన్నాడు సౌలో.

“నాన్న కూచున్న చోటు నాది. ఆయనది కాదు.”

“ఆ చాప కిందికి వెళ్ళావంటే అటు మనిషివైపోతావు. అర్థమవుతోందా? మళ్ళీ నేను తీస్తేనే ఈ ఇంట్లోకి రావాలి. తియ్యకపోతే లేదు.”

“అర్థమవుతోంది.”

“నేను తీస్తానని నమ్మకమా?”

“లేదు,” అంది ఎసేత.

వెనకవైపునుంచి దిగింది. వాననీళ్ళ తొట్టి పక్కనుంచి వెళుతూ అలవాటు కొద్దీ ఆగి కొళాయి తిప్పింది. మణికట్టు దాకా నీళ్ళు పోసుకున్నాక గాని ఏం చేస్తున్నదీ తెలియలేదు. కొళాయి కట్టేసి, తడిచేతుల్తోనే వాకిట్లోకి నడిచింది. కొత్తగా పూసిన సిమెంటు ఇంకా పూర్తిగా తెల్లబడలేదు. దానిమీద వేసిన పూలదండలు వాడిపోయాయి. ఒంగి, చాప అంచు ఎత్తి, తండ్రి పక్కన చొరబడింది.

లోపల కొబ్బరినూనె వాసన, పాత పెట్టె వాసన.

“నువ్వెందుకొచ్చావే?” అన్నాడు ఇయోసెఫో గొణుగుతూ. “నీ బదులేగా నేనొచ్చింది.”

“నాకు చెప్పకుండా ఎందుకొచ్చావు నాన్నా?”

“చెబితే వద్దంటావుగా. నువ్వు రెండ్రోజులన్నావు. ఆ రెండ్రోజులూ ఆ డాక్టరు ఊళ్ళో ముఖం ఎలా ఎత్తుకు తిరుగుతాడు?”

“మాత్ర వేసుకున్నావా?”

“ఇప్పుడా ఆ ప్రశ్న?”

“వేసుకున్నావా లేదా?”

“జేబులో ఉంది. ఈ చాప తీశాక వేసుకుంటా.”

ఎండ పైకొచ్చింది. చాప నేతలోంచి సన్నగా వెలుతురు లోపలికి దిగింది. తండ్రి మెడమీంచి చెమట కారుతోంది. వెనకున్న చుట్టాల్లో ఒకరూ కదల్లేదు. చాప కింది సందులోంచి ఎసేతకి జానెడు నేల మాత్రమే కనబడుతోంది. గడ్డి, సమాధి అంచు, ఇంటి అరుగు కింద నల్లరాయి. అంతే. దారిన బడికి వెళ్ళే పిల్లల అడుగులు గేటు దగ్గర ఆగాయి. తిలోమాయ్ దగ్గర చదువుకున్న పిల్లలే. కాసేపు చూసి, మాట్లాడకుండా వెళ్ళిపోయారు. అప్పుడు ఎసేత ఏడ్చింది. తండ్రి ఆవిడ తడిచేతిని తన గరుకుచేతిలోకి తీసుకున్నాడు.

ఎంతసేపైందో తెలియదు. ఇంటివైపు తడిక ఒకటి పైకి చుట్టిన చప్పుడైంది.

ఇయోసెఫో శరీరం బిగుసుకుంది. తల ఇంకా కిందికి వంచాడు. నల్లరాయిమీద రెండు పాదాలు కనిపించాయి. పగిలిన మడమలు, వాచిన చీలమండలు. మకెరీతా. గడ్డిలోకి దిగి, నెమ్మదిగా, ఆయాసపడుతూ వచ్చి చాప ముందు ఆగింది.

తీస్తుంది అనుకుంది ఎసేత. పెద్దరికం కొడుకుదే అయినా, కన్నతల్లి తీస్తే కాదనేవాళ్ళు ఈ ఊళ్ళో లేరు. దేవుడా, తియ్యనీ.

చాప అంచు లేచింది. జానెడే లేచింది. మకెరీతా మోకాళ్ళమీద వంగి, తల లోపలికి పెట్టింది.

“జరుగమ్మాయ్,” అంది.

“అత్తయ్యా, మీరిక్కడ కూచోకూడదు. మీరు...”

“నేనెక్కడ కూచోవాలో నాకు తెలుసు. జరుగు.”

ఎసేత జరిగింది. ముసలావిడ ఆవిడ పక్కన చతికిలబడి, చాప అంచుని తన తలమీదికి లాక్కుంది. చేతిలో తెల్లగౌను అలాగే ఉంది. ఇయోసెఫో కళ్ళు తుడుచుకున్నాడు. అతనికి తెలిసిన ఆచారంలో ఇది ఎక్కడా లేదు.

అప్పుడు అరుగుమీద మరో రెండు పాదాలు. ఎడమకాలి బొటనవేలి గోరు నల్లబడి ఉంది. చెల్లెలి గొయ్యి తవ్వుతుంటే పార తగిలిన వేలు అది.

“అమ్మా,” అన్నాడు సౌలో. “బయటికి రా.”

మకెరీతా చాప అంచుని ఇంకాస్త కిందికి లాక్కుంది.

“చచ్చిపోయింది నీ కూతురు. క్షమించాల్సినదానివి నువ్వు. నువ్వే వెళ్ళి అందులో కూచుంటే నేను ఎవరి తరఫున చాప తియ్యాలి?”

“దాని తరఫున,” అంది మకెరీతా లోపలినుంచి. “నీ పక్కనే ఉందిగా. అడుగు.”

ఆ పాదాలు సమాధివైపు తిరిగాయి. చాలాసేపు అటే ఉన్నాయి. తరవాత గడ్డిలో నాలుగడుగులు నడిచొచ్చి చాప ముందు నిలబడ్డాయి. సౌలో చెయ్యి కిందికి దిగింది. ఎడమచేతి పక్కన, ఎసేత అమ్మ ఈకలు కుట్టలేక వదిలేసిన చోట, చాప అంచుని పిడికిలితో పట్టుకుంది. ఎత్తలేదు. వదల్లేదు.

ఎసేత కళ్ళు మూసుకుంది. తెలియకుండానే పెదవులు కదిలాయి. పది. తొమ్మిది. ఎనిమిది.

అక్కడికి వచ్చి ఆగిపోయింది. ఏడు అనడానికి ఆవిడకి నోరు రాలేదు.